ఎలిజబెత్ ఫ్రేజర్ ఏ భాషలో పాడింది?

ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని ఒక పాటను తెలుగు లిపిలో రాసుకుందామని కూర్చున్నాను. చిన్నప్పుడు రేడియోలో పాట వస్తుంటే పరుగున వెళ్లి నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాళ్లం కదా, అలాగే. పాట పేరు ‘చెర్రీ కలర్డ్ ఫంక్’, పాడిన బృందం కాక్టో ట్విన్స్. మూడు నిమిషాల పైచిలుకు పాట. గంట గడిచినా నాలుగు లైన్లు దాటలేదు. ఒక చోట ‘మల్లెలు’ అని స్పష్టంగా వినిపించింది. స్కాట్లండ్ మనిషి మల్లెలు అని ఎందుకంటుంది? వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఈసారి ‘మళ్లీ లే’ అంది. నా ఇంగ్లిష్ తక్కువై ఇలా అవుతోందేమో అనుకున్నాను. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లు కూడా నలభై ఏళ్లుగా ఇలాగే కాగితాలు ఖరాబు చేసుకుంటున్నారని తర్వాత తెలిసింది.

ఆ గొంతు ఎలిజబెత్ ఫ్రేజర్‌ది. ఆమె గురించి ఎవరు రాసినా మూడు మాటలు తప్పవు. మహా సిగ్గరి, ఎవరికీ దొరకదు, అర్థంకాని మాటలు పాడుతుంది. మూడూ నిజమే. చిక్కెక్కడంటే, ఈ మూడింటినీ ఒకే దారానికి గుచ్చేస్తారు. సిగ్గు కాబట్టి దాక్కుందట, దాక్కోవడానికి మాటలు మింగేసిందట, చివరికి పాడటమే మానేసిందట. వినడానికి బాగానే అతుకుతుంది. ఆమె ఏ ఏడాది ఏం పాడిందో, ఎవరి కోసం పాడిందో వరసగా పెట్టుకుని చూస్తే మాత్రం ఆ అతుకు నిలవదు.

ఫ్రేజర్ 1963లో గ్రేంజ్‌మౌత్‌లో పుట్టింది. స్కాట్లండ్ తూర్పు వైపు, ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట, 2025 దాకా చమురు శుద్ధి కర్మాగారం నడిచిన ఊరు అది. విశాఖలో మల్కాపురం వైపు రాత్రిపూట రిఫైనరీ గొట్టం మీద మంట చూసినవాళ్లు ఆ ఊరిని ఊహించుకోగలరు. అదే ఊళ్లో రాబిన్ గథ్రీ, విల్ హెగీ అనే ఇద్దరు కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని గాయని కోసం వెతుకుతున్నారు. గథ్రీ అక్కడి హోటల్ డిస్కోలో రికార్డులు పెట్టేవాడు. అక్కడ డాన్స్ చేస్తున్న టీనేజీ ఫ్రేజర్‌ని చూసి పాడతావా అని అడిగారు. ఆమె పాట విని అడగలేదు, ఆమె ఆడటం చూసి అడిగారు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గొంతుల జాబితాల్లో పేరు కనిపించే గాయని కెరీర్ మొదలైంది ఇలా.

బృందానికి పేరు కూడా అరువుదే. సింపుల్ మైండ్స్ అనే స్కాటిష్ బృందం తొలినాళ్లలో కట్టిన ఒక పాట పేరు తీసుకున్నారు. లండన్‌లో ఐవో వాట్స్-రసెల్ నడిపే ఫోర్ ఏడీ అనే చిన్న రికార్డు కంపెనీ వీళ్లను చేరదీసింది. 1982లో మొదటి ఆల్బమ్ ‘గార్లాండ్స్’ వచ్చింది. 1983లో హెగీ వెళ్లిపోయాడు. సైమన్ రేమండ్ బాస్ గిటారుతో చేరాడు. ఆ ముగ్గురే చివరిదాకా.

కలలో వినిపిస్తున్నట్టుండే ఇలాంటి సంగీతాన్ని ఇప్పుడు డ్రీమ్ పాప్ అంటారు. ఆ మాట అప్పటికి ఇంకా వాడుకలోకి రాలేదు. ఎనభైల చివర్లో ఏ.ఆర్. కేన్ బృందంలోని అలెక్స్ అయులీ తమ సంగీతానికి ఆ పేరు పెట్టుకున్నాడని చెబుతారు. పేరు రాకముందే ఆ పని చేసి చూపించింది గథ్రీ గిటారు. మామూలుగా గిటారు తీగ మీటితే ‘టంగ్’ మని మొదలై, క్షణంలో అణిగిపోతుంది. గథ్రీ దాన్ని డిలే, కోరస్, రివర్బ్ పెడల్స్ (స్వరాన్ని ప్రతిధ్వనింపజేసి, సాగదీసే పరికరాలు) గుండా పోనిచ్చి మీటిన దెబ్బ అంచును అరగదీసేస్తాడు. స్వరం ఎప్పుడు మొదలైందో తెలియదు, ఎప్పుడు ఆగిందో తెలియదు. రాతి మండపంలో ఎవరో పాడి ఆపేశాక చివరి స్వరం స్తంభాల మధ్య తిరుగుతుంటుంది చూడండి, పాటంతా అలాంటి స్వరాలతోనే ఉంటుంది. డ్రమ్మర్ లేడు, తాళం వేసేది యంత్రం.

ఇందులో గొంతు కూర్చునే చోటు మనకు అలవాటైన చోటు కాదు. మన సినిమా పాటలో గొంతు ముందుంటుంది. వాద్యాలన్నీ ఒక అడుగు వెనక్కి జరుగుతాయి, ఎందుకంటే కవి రాసిన మాట వినపడాలి. కాక్టో ట్విన్స్ పాటలో గొంతును గిటార్లతో పాటే పొగమంచులో నిలబెట్టారు. పైగా అది ఒక గొంతు కాదు. కింద ఒక ఫ్రేజర్ మంద్రంలో ఒకటి పాడుతుంటే, పైన ఇంకో ఫ్రేజర్ తారస్థాయిలో మరొకటి పాడుతుంటుంది. ఒకే మనిషిని విడివిడిగా రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఆమె గొంతులో ఇంకో విద్య ఉంది. గుండె లోతు నుంచి వచ్చే బరువైన స్వరం మీద ఉండి, ఉన్నపళంగా పైకి, పలచటి స్వరంలోకి దూకుతుంది. ఆ దూకే చోట చిన్న విరుపు వినిపిస్తుంది. బల్గేరియా పల్లె స్త్రీల బృందగానంలో అలాంటి విరుపులే ఉంటాయి. ఆ బల్గేరియా పాటల రికార్డును 1986లో బ్రిటన్‌లో విడుదల చేసింది కూడా ఇదే ఫోర్ ఏడీ కంపెనీ.

ఇక మాటల సంగతి. 1984లో వచ్చిన ‘ట్రెజర్’లో పది పాటలు. పదింటికీ మనుషుల పేర్లలాంటి ఒంటి మాటలే శీర్షికలు: బియాట్రిక్స్, పెర్సెఫనీ, పాండోరా, లోరలై, సిసిలీ. మొదటి పాట పేరు ఐవో, అంటే సాక్షాత్తు కంపెనీ యజమాని. మరుసటి ఏడు వచ్చిన ‘మెలొనెల్లా’ పాటలో సాహిత్యం అంటూ ఉన్నది సీతాకోకచిలుకలు, చిమ్మటల శాస్త్రీయ నామాల వరస. తేనెపట్టును తొలిచే మైనపు పురుగు శాస్త్రీయ నామంలో ‘మెలొనెల్లా’ అనే మాట ఉంది. తేనెటీగలు పెంచేవాళ్లకు అది నిద్ర పట్టనివ్వని పురుగు. ఫ్రేజర్ నోట అది ఎవరో అందగత్తె పేరులా వినిపిస్తుంది. 1986 నాటి ‘విక్టోరియాలాండ్’ అంటార్కిటికాలో ఒక ప్రాంతం. అందులో చాలా పాటల పేర్లు డేవిడ్ అటెన్‌బరో ప్రకృతి గ్రంథంలోంచి ఏరుకున్న మాటలు. ‘ఊమింగ్మాక్’ అని ఒక పాట ఉంది. ఇన్యుయిట్ భాషలో కస్తూరి ఎద్దు అని అర్థం.

తనకు రాని భాషల పుస్తకాల్లోంచి, నిఘంటువుల్లోంచి మాటలు ఏరి రాసుకునేదాన్నని, పాడేదాకా వాటికి తన దగ్గర ఏ అర్థమూ ఉండేది కాదని ఆమే చెప్పింది. మధ్యమధ్యలో మామూలు ఇంగ్లిష్ మాటలూ ఉంటాయి, గులకరాళ్లలో బియ్యపు గింజల్లా. ఆల్బమ్ అట్ట మీద సాహిత్యం అచ్చు వేసేవాళ్లు కాదు. అట్ట మీద వాళ్ల ఫొటో కూడా ఉండేది కాదు.

అంటే నోటికొచ్చింది పాడేసిందా? అదీ కాదు. రెండు మూడు గొంతులను విడివిడిగా రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి అతికించాలంటే ఏ అక్షరం ఎక్కడ పడాలో ముందే తేలిపోవాలి. అచ్చులు ఎక్కడ సాగాలో, ‘ప’, ‘ట’ లాంటి గట్టి హల్లులు ఎక్కడ తాళం మీద పడాలో చూసి కట్టిన పని ఇది. మన దగ్గర తిల్లానాలో ‘ధీం తనన’ పాడినప్పుడు ఎవరూ అర్థం అడగరు. పడవవాళ్ల ‘ఐలెస్సా’కు టీకా తాత్పర్యం రాయరు. ఉయ్యాల ఊపుతూ ‘ఉళుళుళు హాయి’ అంటే పసిబిడ్డకు అందాల్సింది అందుతుంది. స్కాట్లండ్ ఉత్తరాన కొండ ప్రాంతాల గేలిక్ జనంలోనూ ‘నోటి సంగీతం’ అని ఒకటి ఉంది. వాద్యం లేనప్పుడు నాట్యానికి తాళంగా అర్థంతో పెద్దగా పనిలేని అక్షరాలతో పాడతారు. ఫ్రేజర్ అక్కడి నుంచి తెచ్చుకుందని నేను అనడం లేదు, ఆమెది గేలిక్ మాట్లాడే ప్రాంతం కాదు. ఇది మానవజాతికి కొత్త పనేమీ కాదని మాత్రం చెబుతున్నాను.

కానీ ఒక తేడా ఉంది. తిల్లానా తనకు అర్థం లేదని ముందే చెప్పేస్తుంది. ఫ్రేజర్ పాట అలా చెప్పదు. ఇది భాషే, ఇంకొంచెం చెవి దగ్గర పెడితే తెలిసిపోతుంది అన్నట్టు ఊరిస్తుంది. రాత్రి పక్క గదిలో అమ్మానాన్నలు మాట్లాడుకుంటుంటే నిద్రమత్తులో ఉన్న పిల్లాడికి మాటలు అందవు. పోట్లాడుకుంటున్నారో, నవ్వుకుంటున్నారో మాత్రం కచ్చితంగా తెలుస్తుంది. ఆమె పాటలు ఆ గదిలోంచి వినిపిస్తాయి.

ఇది మనకు అటువైపు నుంచి తెలిసిన అనుభవమే. త్యాగరాజ కృతులను చెన్నైలోనో, తంజావూరులోనో కచేరీల్లో కన్నుల నీళ్లు పెట్టుకుని వినేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. పాడేవాళ్లలోనూ కొందరికి రాదు. తరాలుగా మన భాష వాళ్లకు అర్థం కోసం కాక నాదం కోసం చెవిన పడుతోంది. ‘ఎందరో మహానుభావులు’ వాళ్లకెలా వినిపిస్తుందో మనం ఎప్పటికీ వినలేం, మనకు అర్థం అడ్డొస్తుంది. కాక్టో ట్విన్స్ పుణ్యమా అని ఆ అవకాశం ఇంగ్లిష్ వాళ్లకు సొంత భాషలోనే దక్కింది.

ఇప్పుడు సిగ్గు సిద్ధాంతానికి వద్దాం. సిగ్గు వల్ల మాటలు మింగేసిందన్నది నిజమైతే 1983 నాటి ఒక పాటకు సమాధానం చెప్పాలి. ఐవో వాట్స్-రసెల్ తన కంపెనీ కళాకారులందరినీ కలిపి ‘దిస్ మోర్టల్ కాయిల్’ పేరుతో రికార్డులు చేయించేవాడు. అందులో ఫ్రేజర్, గథ్రీ కలిసి అమెరికా గాయకుడు టిమ్ బక్లీ పాత పాట ‘సాంగ్ టు ది సైరెన్’ చేశారు. మొదట అది రికార్డు రెండో వైపుకు పనికొచ్చే పాట అనుకున్నారు. వాద్యాలే లేకుండా చేద్దామనుకున్నారు, కుదరలేదు. గథ్రీ స్టూడియో గోడకు ఆనుకుని, పెద్ద ఆసక్తి లేకుండానే గిటారు వాయించాడట. ఆమె పాడింది. బ్రిటన్ ఇండిపెండెంట్ చార్టుల్లో, అంటే చిన్న కంపెనీల రికార్డుల అమ్మకాల పట్టికలో, ఆ పాట 101 వారాలు ఉంది.

ఆ పాటలో ప్రతి మాటా వినిపిస్తుంది. సముద్రం, ఓడ, పిలుపు, అన్నీ అరచేతిలో పెట్టినట్టు. పొగమంచు లేదు, రెండో గొంతు లేదు. అంటే ఆమెకు స్పష్టంగా పాడటం చేతకాక కాదు, సిగ్గు అడ్డొచ్చీ కాదు. ఆ మాటలు వేరొకరివి. వేరొకరి మాటలైతే నిండు వెలుగులో నిలబడి పాడుతుంది. తన మాటలైనప్పుడే తెర వేస్తుంది. ఆమె దాచింది గొంతును కాదు, రాతను. నా ఉద్దేశంలో ఆమె కెరీర్ మొత్తానికి తాళంచెవి ఈ పాటే.

ఈ పాటకు ఒక పిట్టకథ ఉంది. డేవిడ్ లించ్ తన ‘బ్లూ వెల్వెట్’ సినిమాకు ఇదే పాట కావాలన్నాడు. హక్కుల ధర అందలేదు. దాంతో సంగీత దర్శకుడు ఏంజెలో బాదలమెంటీతో కలిసి అలాంటిదే ఒక పాట కట్టించి, జూలీ క్రూజ్ అనే గాయనితో పాడించాడు. అలా జూలీ క్రూజ్ అనే మరో స్వప్న స్వరం పుట్టింది. లించ్ పట్టు వదల్లేదు, 1997లో ‘లాస్ట్ హైవే’లో అసలు పాటనే పెట్టుకున్నాడు.

ఎనభైల్లో బ్రిటిష్ సంగీత పత్రికలు ఫ్రేజర్‌ది దేవుడి గొంతు అనేదాకా వెళ్లాయి. అదే పత్రికలు ఇంటర్వ్యూకు కూర్చోబెడితే ఆమె నోట మాట పెగిలేది కాదు. ఎక్కువగా గథ్రీయే మాట్లాడేవాడు. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటుంది. గథ్రీ ఆమె సహచరుడు. బృందానికి ధ్వని అతనిది. తర్వాత కట్టుకున్న స్టూడియోలో మీటలు తిప్పేదీ అతనే. సంగీతం వాళ్లిద్దరు మగవాళ్లు కట్టేవాళ్లు, దాని మీద ఆమె పాట అల్లేది. ఇల్లు, ఆఫీసు, స్టూడియో, నలుగురిలో మాట్లాడే నోరు, అన్నీ ఒకే మనిషి దగ్గర ఉన్నాయి. మన దగ్గర కుటుంబ వ్యాపారాల్లో చిక్కుకున్న ఆడవాళ్లకు ఈ అమరిక వివరించక్కర్లేదు.

1989లో వాళ్లకు కూతురు పుట్టింది. అప్పటికే గథ్రీ కొకైన్‌కు బానిసయ్యాడు. 1990లో రేమండ్ తండ్రి, పేరున్న సంగీతకారుడు ఐవర్ రేమండ్ చనిపోయాడు. పుట్టుక, చావు, వ్యసనం మూడూ ఒకే స్టూడియోలో చేరిన ఆ రోజుల్లోంచి ‘హెవెన్ ఆర్ లాస్ వేగాస్’ వచ్చింది. బ్రిటన్ చార్టులో ఏడో స్థానం. మొదటిసారి మాటలు కొంచెం కొంచెం పైకి తేలాయి. బిడ్డ పుట్టుక మీద ఒక పాట ఉంది. అది బిడ్డ గురించేనని వింటూ ఉండగా పట్టుకోగలం. పూర్తిగా మూసి ఉన్న తలుపు కాదు, బార్లా తెరిచిందీ కాదు, ఓరగా వేసినది. నేను రాయబోయి ఓడిపోయిన పాట ఈ ఆల్బమ్‌లో మొదటిదే. వాళ్ల పనిలో ఇదే శిఖరమని చాలామంది అంటారు, నాదీ అదే మాట. ఇంత చేసి పెట్టాక కంపెనీతో సంబంధాలు చెడి, ఫోర్ ఏడీ వాళ్లను వదిలేసింది.

1993లో ‘ఫోర్-క్యాలెండర్ కెఫే’ వచ్చింది. పేరు వెనక సరదా సంగతి ఉంది. అమెరికా పల్లెదారుల మీద వచ్చిన ఒక యాత్రా పుస్తకంలో రచయిత రోడ్డు పక్క హోటళ్లను గోడ మీద వేలాడే క్యాలెండర్ల లెక్కన తూస్తాడు. ఎన్ని ఎక్కువుంటే తిండి అంత బాగున్నట్టు. మన హైవే మెస్సులకూ పనికొచ్చే కొలతే. ఆల్బమ్ మాత్రం సరదాది కాదు. అప్పటికి గథ్రీ వ్యసన చికిత్సకు వెళ్లొచ్చాడు, ఆమె మానసికంగా కుంగిపోయి వైద్య సహాయం తీసుకుంది, ఇద్దరూ విడిపోయారు. బృందం మాత్రం విడిపోలేదు, అది ఇంకా కష్టం. ఈ ఆల్బమ్‌లో మాటలు ఉన్నట్టుండి స్పష్టంగా వినపడతాయి. ‘బ్లూబియర్డ్’ అనే పాట ఉంది. భార్యల్ని చంపే భర్త కథ నుంచి తీసుకున్న పేరు. నువ్వు నాకు తగినవాడివేనా, నీ దగ్గర నాకు భద్రమేనా అని నేరుగా అడుగుతుంది. గిటారు ఎవరు వాయిస్తున్నారో గుర్తు తెచ్చుకుని వినండి.

విమర్శకులు ఏమన్నారు? మునుపటి మాయ తగ్గింది అన్నారు. పదేళ్ల పాటు ఏం పాడుతోందో అర్థం కావడం లేదని రాసినవాళ్లు, అర్థమయ్యాక పెదవి విరిచారు. తన రాతకు తెర తీసి ఆమె నోరు విప్పితే దొరికిన మర్యాద ఇది.

ఆ పాటకే ఇంకో జన్మ కూడా ఉంది. హాంకాంగ్ గాయని ఫే వాంగ్ 1994లో ‘బ్లూబియర్డ్’ బాణీని తీసుకుని కాంటొనీస్‌లో కొత్త మాటలతో పాడింది.  1996లో ఫే వాంగ్ ఆల్బమ్ కోసం కాక్టో ట్విన్స్ నేరుగా పాటలు కట్టిచ్చారు. ఫ్రేజర్ తన జీవితంలో అంత స్పష్టంగా రాసుకున్న మాటలు దారిలోనే రాలిపోయాయి. బాణీ, గొంతులోని ఆ విరుపు మాత్రం అంత దూరం వెళ్లాయి.

1996లో ‘మిల్క్ అండ్ కిసెస్’. 1997లో తర్వాతి ఆల్బమ్ రికార్డింగ్ మధ్యలో బృందం ముగిసింది. విడిపోయిన మనిషి ఎదురుగా కూర్చుని మీటలు తిప్పుతుంటే మైకు ముందు నిలబడి నాలుగేళ్లు పాడింది. నన్నడిగితే ఎందుకు ఆగిపోయింది అన్న ప్రశ్న కంటే అంతకాలం ఎలా పాడింది అన్నదే అసలు ప్రశ్న.

ఈ మధ్యలోనే జెఫ్ బక్లీ. ‘సాంగ్ టు ది సైరెన్’ కట్టిన టిమ్ బక్లీ కొడుకు, తానూ గాయకుడు. తండ్రి పాటను అంత గొప్పగా పాడిన మనిషిని ప్రేమించాడు, ఆమె కూడా అతని గొంతుకు దాసోహమంది. ఇద్దరూ కలిసి పాడిన ఒక పాట రికార్డయింది కానీ అధికారికంగా ఎన్నడూ బయటికి రాలేదు. ఎవరో లీక్ చేసిన కాపీలే జనంలో తిరుగుతున్నాయి. వాళ్ల బంధం నిలవలేదు. 1997 మే 29న మెంఫిస్‌లో వోల్ఫ్ నదిలో ఈతకు దిగి జెఫ్ మునిగిపోయాడు. అప్పుడు ఆమె బ్రిస్టల్‌లో మాసివ్ అటాక్ బృందం కోసం ‘టియర్‌డ్రాప్’ మీద పని చేస్తోంది. ఆ వార్త ఆ పాట రికార్డింగ్ రోజుల్లోనే చేరిందని, ఆ పాట ఒకరకంగా అతని గురించేనని ఆమె తర్వాత చెప్పింది.

‘టియర్‌డ్రాప్’ ఇంకొకరి చేతికి వెళ్లిపోయేదే. మాసివ్ అటాక్‌లో ఒకరు మిగతావాళ్లను అడక్కుండా ట్యూన్‌ను మడోనాకు పంపారు. ఆమె పాడతానంది కూడా. మిగతా ఇద్దరు పట్టుబట్టి ఫ్రేజర్‌తోనే పాడించారు. మాటలు ఆమెవే, ఈసారి వినపడతాయి. ప్రేమ క్రియాపదం అంటూ బడిలో వ్యాకరణం పాఠంలా మొదలవుతుంది. 1998లో బ్రిటన్ చార్టులో పదో స్థానానికి ఎక్కింది, ఆమె గొంతుకు దక్కిన అతిపెద్ద హిట్. వీడియోలో ఆమె కనిపించదు, తల్లి కడుపులోని శిశువు ఆమె గొంతుతో పెదవులు కదుపుతుంది. అమెరికాలో ‘హౌస్’ సీరియల్ టైటిల్స్‌కు ఇదే ట్యూన్ వాడారు, ఆమె గొంతు లేకుండా. కోట్లమందికి చేరిన పాటలో కూడా ఆమె ఉందో లేదో అన్నట్టే ఉంది.

అక్కడి నుంచి ఆమె పని తీరు మారింది. సొంత ఇల్లు లేదు, అన్నీ చుట్టపుచూపులే. అదే ఆల్బమ్‌లో మాసివ్ అటాక్‌కు ఇంకో రెండు పాటలు. 2000లో ఇంగ్లిష్ గాయకుడు పీటర్ గాబ్రియల్ ఆల్బమ్‌లో. 2001లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమా మొదటి భాగంలో మాంత్రికుడు గాండాల్ఫ్ కోసం పాడే శోకగీతం. ఇక్కడ నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. ఆ శోకగీతం టోల్కీన్ కల్పించిన ఎల్ఫుల భాషల్లో ఉంటుంది, వ్యాకరణం, నిఘంటువు అన్నీ ఉన్న కల్పిత భాషలు. ఇరవై ఏళ్లు సొంతంగా భాష అల్లుకున్న మనిషికి చివరికి వేరొకరి కల్పిత భాషలో పాడే పని దొరికింది. వేరొకరి మాటలు కదా, నిండుగా పాడింది.

2005లో కాక్టో ట్విన్స్ మళ్లీ కలుస్తున్నారని, అమెరికాలో కోచెల్లా సంగీత ఉత్సవంలో పాడతారని ప్రకటించారు. కొన్ని వారాలకే రద్దు. తప్పుకున్నది ఫ్రేజర్. వెనకాల 55 కచేరీల ప్రపంచ యాత్ర కూడా ఖరారైందని, ఒక్కొక్కరికీ 15 లక్షల పౌండ్లు వచ్చేవని రేమండ్ తర్వాత చెప్పాడు. సిగ్గరి అనే మాటను జనం ఇక్కడే గట్టిగా వాడారు, స్టేజీ భయం అన్నారు. స్టేజీ భయం అయితే 2006లో మాసివ్ అటాక్‌తో ఊరూరా తిరిగి ఎలా పాడింది? ఆమెకు ఇబ్బంది వేల మంది జనంతో కాదు. గథ్రీ పక్కన నిలబడి ఆ రోజుల్ని మళ్లీ బతకడంతో. విడాకులైన జంటను పెళ్లిరోజు ఫొటోకు మళ్లీ నిలబడమంటే ఎవరైనా ఏమంటారు?

సొంత పేరుతో మొదటిసారి పూర్తి కచేరీ ఇవ్వడానికి 2012 దాకా పట్టింది. ఆ ఏడాది లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో, మెల్ట్‌డౌన్ సంగీత ఉత్సవంలోనూ పాడింది. తర్వాత కూడా పరుగు లేదు. ఇప్పటి జీవిత సహచరుడు, డ్రమ్మర్ డేమన్ రీస్‌తో కలిసి ‘సన్స్ సిగ్నేచర్’ పేరుతో 2022లో ఒక చిన్న రికార్డు తెచ్చింది. అయిదే పాటలు. వాటిలో ‘అండర్‌వాటర్’ ఒకటి. 2000లోనే కొద్ది కాపీలు వేసి వదిలిన ఆ పాట, 22 ఏళ్లకు కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. ఇక్కడా జీవిత సహచరుడే సంగీత సహచరుడు అన్నది గమనించాను. పాత అమరికే మళ్లీ వచ్చిందా అని మొదట అనుమానపడ్డాను. కాకపోతే ఈసారి తొందరపెట్టే కంపెనీ లేదు, తేదీలు లేవు. ఒక పాట 22 ఏళ్లు నానినా అడిగేవాళ్లు లేరు.

1997 తర్వాత ఆమె సొంత పూర్తి ఆల్బమ్ ఒక్కటీ లేదు కాబట్టి కెరీర్ ఆగిపోయింది అని లెక్క కట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆల్బమ్, టూరు, ఇంటర్వ్యూ, మళ్లీ ఆల్బమ్ అనే గానుగ చుట్టూ తిరిగితేనే కెరీర్ అనుకుంటే ఆగిపోయినట్టే. పాడిన పాటలు లెక్కపెడితే ఆగలేదు. పైగా పాతవాటికి కొత్త చెవులు దొరుకుతూనే ఉన్నాయి. కెనడా గాయకుడు ద వీకెండ్ 2011లో తన తొలి మిక్స్‌టేప్‌లో (కంపెనీ లేకుండా సొంతంగా వదిలిన పాటల సంపుటిలో) ‘చెర్రీ కలర్డ్ ఫంక్’ ముక్క వాడుకున్నాడు. 2021లో కాక్టో ట్విన్స్‌కు బ్రిటన్‌లో పాటలు కట్టేవాళ్లకిచ్చే ఐవర్ నొవెల్లో పురస్కారం ఇచ్చారు.

మొదటిసారి వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ‘సాంగ్ టు ది సైరెన్’తో మొదలుపెట్టమంటాను, మాటలు తెలుస్తాయి కాబట్టి గొంతుతో పరిచయం అవుతుంది. తర్వాత ‘మెలొనెల్లా’, పురుగుల పేర్లని తెలిసి కూడా మీకు ఏమవుతుందో చూడటానికి. ఆపైన ‘హెవెన్ ఆర్ లాస్ వేగాస్’ మొత్తం ఒక్క బిగిన, ఫోను స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్స్‌తో, ఎందుకంటే కింది గొంతు ఫోన్‌లో మాయమైపోతుంది. లిరిక్స్ సైట్లు మాత్రం తెరవకండి. అక్కడున్నవాటిలో చాలా వరకు నాలాంటివాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని రాసినవే.